ఇంగ్లీషులోకి రాని వఫ్రా ఎండ

కువైట్ ఎలా ఉందని తిరిగొచ్చిన దగ్గర్నుంచీ అందరూ అడుగుతున్నారు. చేపలు బాగున్నాయి. రొట్టెలు బాగున్నాయి. సముద్రం ఒడ్డున సాయంత్రపు నడక బాగుంది. మిగతాది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. "బంగారం ఏమైనా తెచ్చావా వదినా?" అని మా ఆడపడుచు ఫోన్ చేసింది. కోపం తెచ్చాను తల్లీ, రెండు విమానాశ్రయాల్లోనూ ఎవరూ పట్టుకోలేదు, కావాలంటే నీకూ కాస్త పంపిస్తా అన్నాను.

నేను చైనా భాష నుంచి ఇంగ్లీషులోకి అనువాదాలు చేస్తాను. పుట్టింది ప్రొద్దుటూరు, ఉండేది హైదరాబాదు. ఈ పని సంగతి చెప్పగానే పెళ్లిళ్లలో జనం నన్ను వింతగా చూస్తారు. అయితే నూడుల్స్ బాగా చేస్తారన్నమాట అన్నావిడ కూడా ఉంది. నా సరుకు నూడుల్స్ కాదు, ఉపన్యాసాలు. చైనా కంపెనీల పెద్దలు, పార్టీ కార్యదర్శులు సభల్లో చదివేవి. వాటిని ఇంగ్లీషులో పెట్టేటప్పుడు ఎవరెవరు ఎక్కడెక్కడ చెయ్యి పెడతారో చదివేవాళ్లకి తెలియదు. నాకు తెలుసనుకున్నాను. కువైట్ వెళ్లాక సగమే తెలుసని తేలింది.

పని ఇదీ. దక్షిణాన వఫ్రా అనే తోటల ప్రాంతంలో ఒక చైనా కంపెనీ నీటి పైపులైన్లు వేసి పంపుహౌసులు కట్టింది. పని అయిపోయింది కాబట్టి అప్పగింత సభ పెట్టుకున్నారు. సభలో చదివే ఉపన్యాసాలన్నీ ఇంగ్లీషు పుస్తకంగా అచ్చువేస్తారు. ఆ ఇంగ్లీషు చూసి మరొకాయన అరబిక్‌లోకి మారుస్తాడు. చైనా భాష నుంచి నేరుగా అరబిక్‌లోకే మార్చొచ్చు కదా అని అడిగితే, ఎప్పుడూ ఇంతే మేడమ్ అన్నారు. హవల్లీలో ఉన్న ఒక అనువాద సంస్థ నన్ను వారం రోజుల పనికి పిలిపించింది. చలి మొదలవుతున్న రోజులు, వెళ్లడానికి మంచి కాలమని అందరూ అన్నారు.

హవల్లీ: మూడో అంతస్తు

విమానాశ్రయంలో నా పెట్టె బెల్టు మీద తిరుగుతూ వచ్చేసరికి దాని మూల నుంచి నూనె కారుతోంది. గోంగూర పచ్చడి సీసా పగిలింది. నా పక్కనున్న అరబ్బు పెద్దాయన తెల్లటి అంగీ ఎత్తిపట్టుకుని రెండడుగులు వెనక్కి జరిగాడు. బయట నా పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడ్డ డ్రైవరు మాత్రం పెట్టె అందుకుంటూనే మొహమంతా నవ్వయ్యాడు.

"గోంగూరే గదక్కా? వాసనొచ్చింది. యా ఊరు మనది?"

ప్రొద్దుటూరని చెప్పాను.

"అట్ల జెప్పు! మాది రాయచోటి. నా పేరు మస్తాన్. శానా ఏండ్లాయ కోయిట్టుకొచ్చి. ఈ ఆఫీసోళ్లకు బండి నేనే తోల్తా."

దారిలో ఆపి పాలు మరగకాచిన కరక్ చాయ్ ఇప్పించాడు. కప్పు నూరు ఫిల్సులు. దాన్ని మన రూపాయల్లోకి మార్చుకుని గుండె పట్టుకున్నాను, మొదటి రోజు అందరూ చేసే పనే. ఏం పని మీద వచ్చావని అడిగాడు. చైనావాళ్ల మాటలు ఇంగ్లీషులోకి మార్చడానికి అన్నాను. "వఫ్రా కంపెనీవోళ్లవా?" అన్నాడు. అవునన్నాను. అప్పటిదాకా గలగలా మాట్లాడిన మనిషి ఒక్కసారిగా గమ్మునైపోయి రేడియో పెట్టాడు. ప్రయాణ బడలికలో నేను పట్టించుకోలేదు.

ఆఫీసు ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణం పైన, మూడో అంతస్తులో. అక్కడ నా మీద ఇద్దరు అధికారులు. ఒకరు సంస్థ యజమాని కీత్, ఇంగ్లీషువాడు. నా ఇంగ్లీషుకి మెరుగులు దిద్దడం ఆయన వంతు. రెండోది షు, చైనా కంపెనీ ప్రచార విభాగం తరఫున వచ్చిన అమ్మాయి. ఆమె సరేనంటేనే ఏ మాటైనా అచ్చుకి వెళ్తుంది.

వీళ్లిద్దరి మధ్య కూచుని పనిచేయడం ఎలా ఉంటుందో చెప్పాలి. ఉపన్యాసంలో ఒక వాక్యం ఉంది. తెలుగులో చెప్పాలంటే, "కార్మిక జనాన్ని నమ్ముకుని, కష్టాలతో పోరాడి, పని గెలిచాం." అంతే. మన దగ్గర ఏ యూనియన్ మీటింగులోనైనా వినపడేదే. కీత్ చేతిలో పడేసరికి అది, పార్టీ ఆదేశంతో మూకల్ని కూడగట్టి యుద్ధం చేశాం అన్నట్టు తయారైంది. షు దాన్ని కొట్టేసి, సంబంధిత వర్గాల సహకారంతో సవాళ్లను అధిగమించాం అని రాసింది. చైనా ఆయన అన్నది మాత్రం రెండింట్లోనూ లేదు. ప్రచారం అన్న మాట దగ్గరా అంతే గొడవ. మనకి పోలియో చుక్కలకీ ప్రచారమే, ఓట్లకీ ప్రచారమే. చైనా భాషలోనూ అంతే. ఇంగ్లీషులో మాత్రం పబ్లిసిటీ అని పెద్దమనిషి మాటొకటి, ప్రాపగాండా అని దొంగ మాటొకటి ఉన్నాయి, ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. షు మొదటిది పెడుతుంది, కీత్ రెండోది పెడతాడు, నేను మధ్యలో తల పట్టుకుంటాను.

షు సంగతి అర్థమవుతుంది. తన దేశం ఇస్త్రీ చొక్కాలో కనపడాలి. కీత్ సంగతే మొదట అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, ఈ ఉపన్యాసాల్నే అటూ ఇటూ మార్చి, చైనా మనసులో ఏముందంటూ బయటి దేశాల వాళ్లకి నివేదికలు అమ్ముతాడట. మనసులో ఏమీ లేదంటే ఎవరు కొంటారు? అందుకని ప్రతి మాటకీ కోరలు పెడతాడు. పొద్దున్నుంచీ ఇద్దరూ కొట్టుకుని మధ్యాహ్నం ఒకే పొట్లంలోంచి ఫలాఫల్ తింటారు. మన మినప వడకి దూరపు చుట్టం, శనగలతో చేస్తారు. మొదటి రోజు నాకు నచ్చింది. రెండో రోజు నుంచి ఆ ఇద్దరి మొహాలు చూస్తూ తినబుద్ధి కాలేదు.

లువో గారి పేరా

ఆ రెండో రోజే లువో గారి ఉపన్యాసం నా బల్ల మీదికి వచ్చింది. ఆయన వఫ్రా పనులకు పెద్ద మేనేజరు, అక్కడి పార్టీ శాఖకు కార్యదర్శి కూడా. పదవీ విరమణకి దగ్గరపడ్డ మనిషి. చైనా పార్టీ సభల్లో ఆత్మవిమర్శ అనే ఆచారం ఉంది. పెద్దలు లేచి నిలబడి తమ లోపాలు చెప్పుకోవాలి. నిజం ఒప్పుకోవాలి కదా, నూటికి తొంభై పాళ్లు అది ఉత్త తంతు. జనానికి దూరమయ్యాను, చదువు చాల్లేదు, ఇకపై మెరుగుపడతాను, ఇలా సాగుతుంది. నేను నిద్రలో కూడా అనువదించగలను.

లువో గారిది అలా లేదు. ఆ పేరాని ఇక్కడ తెలుగులో పూర్తిగా పెడుతున్నాను, ఎందుకంటే మరెక్కడా అది అచ్చు కాలేదు.

"వేసవిలో మధ్యాహ్నం పూట బయట పని చేయించకూడదని ఈ దేశపు నియమం. గడువు కోసం నేను ఆ నియమాన్ని పక్కనపెట్టి మనుషుల్ని ఎండలోకి దింపాను. ఆజ్ఞ నాది. ఒకతను స్పృహ తప్పి పడిపోయాడు. మర్నాడు అతని తోటివాడొకడు ఈ ఎండలో దిగనని చెప్పి వెళ్లిపోతే, పారిపోయాడని రాయించాం. అతను పారిపోలేదు. తప్పు అతనిది కాదు, నాది."

నేను ఇంగ్లీషు చేసి ఇచ్చాను. షు చదివి ఎర్ర గీత పెట్టింది.

"ఇది ఇంటి మాట మేడమ్," అంది. "చైనా రాతప్రతిలో ఉంటుంది, అది అచ్చుకి వెళ్లదు. మా వాళ్లు వింటారు, మెచ్చుకుంటారు. బయటివాళ్లకి ఇస్తే మా నెత్తి మీదికే తెస్తారు. ఇంట్లో వేరు, బయట వేరు. మాకు నేర్పే మొదటి పాఠం ఇదే."

సరే, ఈమె ఇలాగే అంటుందని తెలుసు. నా ఆశంతా కీత్ మీద. చైనా కంపెనీ తప్పు ఒప్పుకుంటోందంటే ఈయన ఎగిరి గంతేస్తాడనుకున్నాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, "వదిలెయ్, అది వాళ్ల మంత్రం," అన్నాడు. "ప్రతి ఉపన్యాసంలోనూ ఒకటి ఉంటుంది. సీరియస్‌గా అనువదిస్తే వాళ్లేదో నిజాయితీపరులని మనమే చాటినట్టవుతుంది."

"మంత్రంలో ఎండ ఉంటుందా?" అన్నాను. "పడిపోయిన మనిషి ఉంటాడా? ఆజ్ఞ నాది అని ఉంటుందా?"

"వాళ్లకి అలవాటే," అన్నాడు.

పోరాటమనే మాట దగ్గర జుట్లు పట్టుకున్న ఇద్దరూ ఈ పేరా దగ్గర ఒక్కటైపోయారు. ఒకరికి చైనా మనిషి తప్పు చేశాడని బయటపడకూడదు. ఇంకొకరికి చైనా మనిషి తప్పు ఒప్పుకోగలడని బయటపడకూడదు. ఆ స్థానంలో షు ఒక వాక్యం రాసింది: వేసవి వాతావరణం వల్ల ఎదురైన ఇబ్బందులను సిబ్బంది సమష్టిగా అధిగమించారు. కీత్ దాంట్లో ఒక కామా సరిచేశాడు. అంతటితో సరి.

మా నాన్న ప్రొద్దుటూరులో మిల్లు కార్మికుడు, యూనియన్ మనిషి. వాళ్లలోనూ ఆత్మవిమర్శ ఉండేది. కాకపోతే మీటింగులో చెప్పుకుంటే సరిపోదు. ఎవరికి తప్పు చేశావో వాళ్లింటికి వెళ్లి, అదే మాట వాళ్ల మొహం మీద చెప్పి, వాళ్లిచ్చిన టీ తాగి రావాలి. టీ ఇవ్వకపోతే మళ్లీ వెళ్లాలి. మా నాన్న ఒకాయన ఇంటికి మూడుసార్లు తిరిగి, టీ తాగొచ్చి, నవ్వుకుంటూ పడుకున్నాడు. ఆ రోజు ఆఫీసులో నాకది గుర్తొచ్చింది.

అబ్బాసియా: సంకటి

శుక్రవారం సెలవు. మస్తాన్ వచ్చి, "మా రూముకు రాక్కా. సంకటి జేస్తాం, నాటుకోడి పులుసు," అన్నాడు. వద్దంటే రాయలసీమలో పుట్టినట్టే కాదు.

మన దేశపు కూలీలుండే అబ్బాసియాలో దిగగానే కువైట్ మాయమైపోతుంది. టైలరు కొట్లు, కూరగాయల బండ్లు, వేడి వేడి బజ్జీలు, రోడ్డు మీద మురుగు నీళ్లు, పదిమందికి పది భాషల్లో అరుపులు. ఇంట్లో వాడే పెసరపప్పు దగ్గర్నుంచీ కొబ్బరి చిప్ప దాకా అన్నీ ఉన్నాయి, ధర మాత్రం అడక్కూడదు. మస్తాన్ రూములో మంచాలు ఒకదాని మీద ఒకటి. వంట చేస్తున్నతను వెనక్కి తిరిగి నమస్తే పెట్టాడు.

"మా చిన్నాయన కొడుకు, ఖాదర్ బాషా," అన్నాడు మస్తాన్. "వీడు రూము దాటి కిందికి దిగి శానా దినాలాయ."

అన్నం ముందు కూచున్నాక ఖాదర్ చెప్పాడు. వఫ్రాలో పైపులైను పని. నడి ఎండాకాలం. మధ్యాహ్నం వద్దని రూలున్నా దింపేవాళ్లు. పక్కన పనిచేసే బిహారీ అబ్బాయి నోట్లో నురుగొచ్చి పడిపోయాడు.

"మర్నాడు సూపర్వైజరుకు జెప్పినా అక్కా, ఈ ఎండలో దిగను, సావమంటే సస్తా గానీ అని. యల్లా, పో పో అన్న్యాడు. హెల్మెట్టు తీసి ఆయప్ప చేతికే ఇచ్చి, గేటులోంచి నడుసుకుంటా వచ్చినా. పారిపొయ్యేటోడు హెల్మెట్టు చేతికిస్తాడా?"

నా చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. లువో గారి పేరాలోని మనిషి నా ఎదురుగా కూచుని నాకు పులుసు వడ్డిస్తున్నాడు.

అతనికి వీసా ఇచ్చి ఆ కంపెనీకి సరఫరా చేసిన యజమాని, ఇక్కడి మాటలో కఫీల్, ఖాదర్ పారిపోయాడని కేసు పెట్టాడు. అలా కేసు పడ్డవాళ్లని ఇక్కడ కల్లివెల్లి అంటారు. ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే అనుమతి కార్డు, చెల్లదు, ఇంకో పని దొరకదు, రోడ్డు మీద పోలీసు ఆపితే ఖలాస్. మస్తాన్ లేబర్ ఆఫీసు చుట్టూ తిరిగాడు. అక్కడి అధికారి మంచివాడే. కానీ మధ్యాహ్నం పనే జరగలేదని కంపెనీ అంటోంది. జరిగిందని ఆ కంపెనీయే అరబిక్‌లోనో ఇంగ్లీషులోనో అచ్చువేసినదో, సంతకం పెట్టినదో కాగితం ఒక్కటి తెస్తే కేసు కొట్టేస్తానన్నాడు. లేకపోతే లొంగిపోవాలి, వేలిముద్రలు తీసుకుని ఊరికి పంపిస్తారు. మళ్లీ గల్ఫ్ దేశంలో అడుగు పెట్టలేడు.

"ఊరికి పొయ్యేదానికి నాకేం బయం ల్యా," అన్నాడు ఖాదర్. "దొంగ మాదిరి పోవాల్నే అనే నా బాధ. నేనేం దొంగతనం జేసినా?"

నేను ఆగలేకపోయాను. ప్రొద్దుటూరు యాసంతా బయటికొచ్చింది. "ఆ కాగితం ఉండాది ఖాదరూ. నేను సదివినా. ఆయప్పే రాసినాడు, తప్పు నాదే అని," అన్నాను.

ఖాదర్ గరిటె కింద పెట్టేశాడు. ఎందుకు చెప్పానా అని ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో! కానీ చెప్పేశాను, ఇక దాన్ని అచ్చులోకి తేవడం నా మెడకి చుట్టుకుంది.

వఫ్రా: ఆవిరి రొట్టెలు

మర్నాడు ఉపన్యాసంలో అనుమానాలున్నాయని ఆఫీసులో అబద్ధం చెప్పి వఫ్రా బయల్దేరాను. మస్తానే బండి. నగరం దాటాక ఇసుక, ఒంటెలు, మళ్లీ ఇసుక. తర్వాత నమ్మలేనట్టుగా టమాటా తోటలు, గాజు పాకల్లో దోసకాయలు. దారి తప్పి ఒకచోట టైరు ఇసుకలో దిగబడింది. గొర్రెల కాపరి ఒకతను వచ్చి భుజం పెట్టి తోశాడు. మా మాటలు విని, "ఎటు వోవాలె అమ్మా?" అన్నాడు. జగిత్యాల మనిషి. తెలుగు మనుషులతో మాట్లాడి చాలా రోజులైందన్నాడు. సంచిలోంచి రొట్టె తీసి సగం విరిచి ఇచ్చాడు, తినేదాకా కదలనివ్వలేదు. పంపుహౌసు ఎటని అడిగితే, "గా చైనోళ్లదా? ఎండకాలం ఆడ పని నడుస్తుంటే నా గొర్లను గూడ నీడకు తోలిన," అన్నాడు.

లువో గారు క్యాంటీనులో కూచోబెట్టి పిండిని ఆవిరి మీద ఉడికించిన రొట్టెలు పెట్టించారు. పెద్ద ఇడ్లీలాగే ఉంటుంది, ఉప్పు మాత్రం ఉండదు. నేను చైనా భాషలో మాట్లాడేసరికి ముచ్చటపడి నా కప్పులో టీ తనే పోశారు. ఆ పేరా గురించి అడిగాను.

"నిజమే రాశాను," అన్నారు. "ఆ వేసవి నా మనసు మీద బరువుగా ఉంది. దిగిపోయే ముందు పార్టీ ముందు చెప్పుకోవాలనుకున్నాను."

"ఇంగ్లీషులో తీసేశారండీ."

ఆయన కప్పు పక్కకి జరిపారు. "ఇంగ్లీషు ప్రచార విభాగం పని. అందులో నేను వేలు పెట్టను."

ఖాదర్ సంగతి చెప్పాను. అబ్బాసియాలో ఒక గదిలో ఉన్నాడని, ఒక్క కాగితం చాలని. సభ కానివ్వండి, చూద్దాం అన్నారు. సభలో ఆ పేరా చదువుతారా అంటే, "అక్షరం వదలను," అన్నారు. అది నమ్ముకుని తిరిగొచ్చాను. వేదిక మీద ఆయన పక్కన నిలబడి ఇంగ్లీషు చదివేది నేనే కదా అని దారంతా లెక్కలు వేసుకున్నాను.

నగరం: అప్పగింత సభ

సముద్రానికి ఎదురుగా పెద్ద హోటలు. ముందు వరసలో తెల్ల అంగీల అధికారులు, లేబర్ ఆఫీసు వాళ్లతో సహా. ప్రతి కుర్చీ మీదా కొత్త పుస్తకం. లువో గారు చైనా భాషలో చదవాలి, నేను ఇంగ్లీషులో, ఆ తర్వాత ఉస్తాద్ నబీల్ అరబిక్‌లో. నబీల్ హవల్లీ ఆఫీసుకి అనువాదాలు చేసే పెద్దాయన, బతుకుతెరువుకి వేరే దేశం నుంచి వచ్చిన అరబ్బు. సన్నటి మనిషి, జేబులో ఎప్పుడూ ఖర్జూరాలుంటాయి, కనపడ్డప్పుడల్లా ఒకటి చేతిలో పెడతాడు.

లువో గారు మాట నిలబెట్టుకున్నారు. ఆ పేరా మొత్తం చదివారు. చైనా వాళ్లంతా లేచి చప్పట్లు కొట్టారు. నా వంతు వచ్చింది. పుస్తకం మూసి పక్కన పెట్టి, ఆయన అన్నది అన్నట్టుగా ఇంగ్లీషులో చెప్పాను. ఎండ చెప్పాను. పడిపోయిన మనిషిని చెప్పాను. అతను పారిపోలేదు, తప్పు నాది, అని గట్టిగా చెప్పాను. షు మొహం పాలిపోయింది. కీత్ కుర్చీలోంచి సగం లేచి మళ్లీ కూలబడ్డాడు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

ఇక నబీల్ వంతు. ఆయన నా వైపు చూశాడు. చేతిలో పుస్తకం చూశాడు. తర్వాత పుస్తకంలో ఉన్నది అరబిక్‌లో చదివేశాడు. వేసవి, సిబ్బంది, సమష్టి. ఇంగ్లీషు పట్టించుకోకుండా అరబిక్ కోసమే కూచున్న తెల్ల అంగీల వాళ్లు మర్యాదగా చప్పట్లు కొట్టారు. నా ఇంగ్లీషు పొల్లు మాటలా గాల్లో కలిసిపోయింది.

మెట్ల దగ్గర ఆయన్ని పట్టుకున్నాను. "మీరు విన్నారు కదా! నేను చెప్పింది విన్నారు కదా!"

"విన్నాను తల్లీ," అన్నాడు. "నా కాగితంలో లేదు. కాగితం దాటితే రేపు నా ఇఖామా మీద ముద్ర ఎవరు కొడతారు?" అలవాటుగా జేబులో చెయ్యి పెట్టాడు గానీ ఖర్జూరం తియ్యలేదు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. మిగిలిన ఇద్దరి మీద మాత్రం కొల్లలుగా వచ్చింది. కీత్ దగ్గరికొచ్చి, ఇకపై గల్ఫ్‌లో నీకెవరూ పని ఇవ్వరన్నాడు. నీ పని చేసేకంటే గోంగూర పచ్చడి అమ్ముకోవడం నయం అన్నాను. పచ్చడి అంటే ఏమిటో ఆయనకి తెలియదు, అయినా అర్థమైంది.

పుస్తకం తెరిచి చూసుకున్నాను. ఆ అబద్ధపు వాక్యం ఉన్న పేజీ అడుగున, అనువాదం అని రాసి, నా పేరు. పేరు తీసేయమని మూడు రోజులుగా మొత్తుకున్నాను. నేను రాసిన ప్రతి వాక్యంలోనూ వేలు పెట్టినవాళ్లు నా పేరు మాత్రం భద్రంగా ఉంచారు.

భోజనాల దగ్గర లువో గారిని వెతికి పట్టుకున్నాను. పళ్లెంలో ఏదో మంచి చేప, వేయించిన ఉల్లిపాయల అన్నం. ఆయన హాయిగా తింటున్నారు, నన్ను చూసి నవ్వారు.

"మీరు బాగా చెప్పారు. ఈ రాత్రి నిద్ర పడుతుంది నాకు," అన్నారు.

"కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వండి. కింద బండి ఉంది. అబ్బాసియా ఎంతో దూరం లేదు, వచ్చి ఆ మాట అతనికే చెప్పండి."

"నేను సంస్థ ముందు ఒప్పుకున్నాను. సంస్థ అంగీకరించింది. దాంతో ఆ విషయం ముగిసింది," అన్నారు. మొండిగా కాదు, చిన్నపిల్లకి చెప్పినట్టు. రాసివ్వాలంటే అనుమతి కావాలట, అనుమతి వచ్చేలోపు ఆయన విమానం వెళ్లిపోతుందట.

"ఎవరి ముందు ఒప్పుకున్నారు?" అన్నాను. హాల్లో తలలు తిరిగాయి. "ఎండలో నిలబడ్డవాడొకడు, మీరు చెప్పుకున్నది ఇంకొకళ్లకి! మీ మనసు తేలికైతే అతని కేసు తేలికవుతుందా?"

ఆయన మొహం ఎర్రబడింది. తన సంచిలోంచి ఎర్ర డబ్బా ఒకటి తీసి నా ముందు పెట్టారు. మంచి టీ ఆకు, వాళ్ల ఊరిదట. "ఆ కార్మికుడికి ఇవ్వండి," అన్నారు. దాన్ని ఆ చేప ముళ్ల పక్కనే వదిలేసి వచ్చేశాను.

మళ్లీ అబ్బాసియా

వెళ్లిపోయే రోజు పొద్దున మస్తాన్ బండిలో ఖాదర్ కూడా ఉన్నాడు. ఉతికిన చొక్కా, చిన్న సంచి. లొంగిపోతానని తనే నిర్ణయించుకున్నాడు. ఇంకెన్నాళ్లు గదిలో కూచుంటానక్కా, మస్తానన్నకు బరువు అన్నాడు. నేను క్షమాపణలు చెప్పబోతే ఖాదర్ ఆపాడు.

"నువ్వు జేసేది నువ్వు జేస్తివి. నీదేం తప్పు?"

లొంగిపోవాల్సిన ఆఫీసు గేటు ఎదురుగా బండి ఆగింది. అప్పటికే బయట మనుషులు సంచులతో నిలబడున్నారు. ఖాదర్ దిగలేదు.

"అక్కా, ఆయప్ప మీటింగులో నా గురించి ఏమన్న్యాడో తెలుగులో చెప్పు. ఒక్కసారి వింటా."

చెప్పాను. కీత్ లేడు, షు లేదు, కామా సరిచేసేవాళ్లు లేరు. లువో గారు అన్న వరసలోనే, ఎండ దగ్గర్నుంచి తప్పు నాది దాకా, ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తియ్యకుండా చెప్పాను. నా జన్మలో అంత శుభ్రమైన అనువాదం చేసి ఎరగను.

మస్తాన్ స్టీరింగు మీద తల వాల్చేశాడు. ఖాదర్ ముందు అద్దంలోంచి గేటుకేసి చూస్తూ విన్నాడు.

"పారిపోలేదు అన్న్యాడా? ఆ మాటే అన్న్యాడా?"

"ఆ మాటే."

"తప్పు నాదని ఆ పొద్దే నాతో అనింటే నేను పని ఇడిసి వచ్చేటోణ్నే గాదక్కా," అన్నాడు. "మర్నాడు మల్లా పనికే పొయ్యేటోణ్ని."

ఫోను తీసి మస్తాన్ చేతికిచ్చి, గేటులోంచి నడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.